మందుతో పాటు మన్నన

ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎ.ఆర్.టి. కేంద్రం ముందు వరుసలో నిలబడిన ఒక సోదరిని ఊహించుకుందాం. సొంత ఊరి ఆసుపత్రికి వెళితే ఎవరైనా గుర్తుపడతారన్న భయంతో ఆమె తెల్లవారుజామునే బస్సెక్కి పొరుగు జిల్లాకు వచ్చింది. తన వంతు రాగానే వైద్యుడు తలెత్తకుండానే “మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగాడు. “వేసుకుంటున్నానండీ” అన్నది ఆమె. నెల మందులు చేతికి వచ్చాయి. అంతటితో సంభాషణ ముగిసింది.

ఆమె చెప్పకుండా మిగిల్చుకున్న మాటలు రెండున్నాయి. అత్తగారి కంటపడకుండా మాత్రల డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచవలసి వస్తున్నది. వంటింట్లో ఎవరైనా ఉన్న రోజున ఆ మాత్ర తప్పిపోతున్నది. ఇక రానున్న రమజాన్‌లో ఉపవాసాలు పాటించాలనుకుంటున్నది, కాని మాత్ర వేళను ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఈ రెండు మాటలూ ఆ గదిలో పలికి ఉంటే రెండింటికీ అక్కడే పరిష్కారం దొరికేది. అవి పలకనందువల్ల ఆమె చికిత్స క్రమక్రమంగా విఫలమయ్యే ప్రమాదం ఏర్పడింది.

ఇలాంటి సోదరీ సోదరులు మన బస్తీల్లోనూ, మన బంధువర్గంలోనూ ఉన్నారు. హెచ్ఐవి చికిత్సలో మందుకు ఎంత స్థానముందో, రోగికీ వైద్య సిబ్బందికీ మధ్య నెలకొనే నమ్మకానికీ అంతే స్థానముందని మేము ఈ వ్యాసంలో మనవి చేయదలచాము.

రోగులే నేర్పిన పాఠం

రోగిని కేంద్రంగా చేసుకున్న వైద్యం అనే భావన ఈ వ్యాధి విషయంలో వైద్య గ్రంథాల నుంచి కాక రోగుల నుంచే ప్రధానంగా పుట్టింది. 1983లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఎయిడ్స్‌తో జీవిస్తున్న కొందరు సమావేశమై, తమను నిస్సహాయ బాధితులుగా చూడవద్దనీ, తమ చికిత్సకు సంబంధించిన ప్రతి నిర్ణయంలో తమకు భాగం ఉండాలనీ, తమ వివరాలు గోప్యంగా ఉంచాలనీ ప్రకటించారు. అప్పటికి ఆ వ్యాధికి కారణమైన వైరస్ గురించి శాస్త్రజ్ఞులకే పూర్తిగా తెలియదు. 1987లో ఉగాండాలో నోరీన్ కలీబా అనే మహిళ, ఎయిడ్స్‌తో భర్తను కోల్పోయిన దుఃఖంలోనే, అదే కష్టంలో ఉన్న మరికొందరితో కలిసి ‘టాసో’ సంస్థను నెలకొల్పింది. మందులు లేని ఆ రోజుల్లో ఆ సంస్థ ఇవ్వగలిగింది చెవియొగ్గి వినడం, ఇంటికి వెళ్లి పలకరించడం, భయం లేకుండా స్పృశించడం. ఆ సేవ ఎందరికో బ్రతుకుపై ఆశ కలిగించింది.

మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, సెల్లప్పన్ నిర్మల చేసిన పరిశోధనతో తొలి కేసులు వెలుగుచూశాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఎ.ఆర్.టి. చికిత్స మొదలైంది. వ్యాధి తీవ్రత అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి దశలోనే ఈ సదుపాయం దక్కింది. 2017 నుంచి, సిడి4 కణాల సంఖ్య ఎంత ఉన్నా, హెచ్ఐవి నిర్ధారణ అయిన ప్రతివారికీ చికిత్స ప్రారంభించడం ప్రభుత్వ విధానమైంది. నేడు అత్యధికులకు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అనే మూడు మందులు కలిసిన ఒకే మాత్ర రోజుకొకసారి ఇస్తున్నారు.

ఈ మాత్రను క్రమం తప్పక వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. భారతదేశంతో సహా 9 దేశాల్లో 1,763 జంటలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. త్వరగా చికిత్స ప్రారంభించినందువల్ల జీవిత భాగస్వామికి వైరస్ సంక్రమించడం 96 శాతం తగ్గిందని అవి తేల్చాయి. వైరస్ పరీక్షకు అందని స్థాయిలో స్థిరంగా ఉన్న వ్యక్తి నుంచి దాంపత్యం ద్వారా వ్యాధి సోకదని ఆ తర్వాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. చికిత్స లేనప్పుడు తల్లి నుంచి బిడ్డకు 15 నుంచి 45 శాతం వరకు ఉండే ప్రమాదాన్ని సరైన చికిత్సతో 5 శాతం కన్నా తక్కువకు తేవచ్చు. అంటే నేడు హెచ్ఐవి ఉన్నవారు వివాహ జీవితాన్ని, సంతానాన్ని, సుదీర్ఘ ఆయుష్షును ఆశించవచ్చు. అయితే ఇదంతా ‘క్రమం తప్పక’ అన్న మాటపైనే ఆధారపడి ఉంది.

అడిగే తీరులోనే ఉంది

మాత్రలు తరచూ తప్పితే వైరస్ ఆ మందులకు లొంగని స్థితికి చేరవచ్చు. కనుక రోగి నిజం చెప్పడం అత్యవసరం. నిజం చెప్పించే బాధ్యతలో సగభాగం అడిగేవారిది.

“ఒక్కరోజు కూడా మానలేదు కదా?” అని గద్దించినట్లు అడిగితే ఎవరైనా “లేదండీ” అనే అంటారు. “నెలలో ఒకటి రెండు రోజులు మాత్ర తప్పిపోవడం చాలామందికి జరుగుతుందమ్మా, మీకు ఎన్ని రోజులు తప్పింది?” అని అడిగితే నిజం బయటికి వస్తుంది. ఎందుకు తప్పిందో తెలిస్తే దారి కూడా దొరుకుతుంది. మాత్రలను గుర్తు తెలియని వేరే సీసాలో వేసుకోవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పే ధైర్యాన్ని కౌన్సెలర్ కలిగించవచ్చు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారు ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇవ్వమని కోరవచ్చు. ఇంటికి దగ్గరలోని లింక్ ఎ.ఆర్.టి. కేంద్రానికి మార్పించుకోవచ్చు. కూలి మానుకుని నెలనెలా దూరప్రయాణం చేసేవారికి ఈ చివరి రెండూ చాలా పెద్ద ఊరట.

మన భాషలో ‘నువ్వు’కూ ‘మీరు’కూ ఉన్న దూరం అందరికీ తెలిసిందే. మాసిన బట్టలతో వచ్చినవారిని ‘మీరు’ అని సంబోధించడానికి ఆసుపత్రికి పైసా ఖర్చు లేదు. “ఇది నీకెలా వచ్చింది?” అన్న ప్రశ్నను నలుగురి ముందు వేయకపోవడానికీ ఖర్చు లేదు. మంచానికి ప్రత్యేక గుర్తు తగిలించడం, హెచ్ఐవి రోగి దగ్గరకు వచ్చినప్పుడు మాత్రమే చేతి తొడుగులు వెతుక్కోవడం వైద్యశాస్త్రం చెప్పిన పద్ధతులు కావు. రక్తంతో పని ఉన్నప్పుడు ఏ రోగి విషయంలోనైనా ఒకే జాగ్రత్త పాటించాలన్నదే ఆ శాస్త్రం చెప్పే నియమం.

రమజాన్ మాసంలో

ఇక మన కుటుంబాలకే ప్రత్యేకమైన విషయానికి వద్దాము. ఉపవాసం ఉంటున్నామని డాక్టరుకు చెబితే వద్దంటారేమోనని చాలామంది చెప్పరు. డాక్టరూ అడగరు. ఈ మౌనం ప్రమాదకరం.

రోజుకొక మాత్ర వాడుతూ ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఆ మాత్రను ఇఫ్తార్ తర్వాతకో సహరీ వేళకో మార్చడం సాధారణంగా సాధ్యమే. అయితే ఆ మార్పు రమజాన్‌కు ముందే వైద్యుని సలహాతో జరగాలి. క్షయకు కూడా మందులు వాడుతున్నవారి సంగతి వేరు. రిఫాంపిసిన్ వాడేవారు డోలుటెగ్రవిర్‌ను 12 గంటల ఎడంతో రోజుకు రెండుసార్లు తీసుకోవలసి ఉంటుంది. మన ప్రాంతంలో ఉపవాస సమయం 13, 14 గంటలు ఉంటుంది కనుక ఈ లెక్కను వైద్యుడే సరిచూడాలి. ఇఫ్తార్‌లో వేపుళ్లు తిని కడుపు మంటకు యాంటాసిడ్ మింగే అలవాటు ఉన్నవారు కూడా జాగ్రత్త పడాలి. యాంటాసిడ్‌కు కనీసం 2 గంటల ముందు గాని, 6 గంటల తర్వాత గాని డోలుటెగ్రవిర్ మాత్ర వేసుకోవాలి. లేనిపక్షంలో మందు ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలు, యునానీ మందులు వాడుతుంటే అవీ డాక్టరుకు చూపించాలి.

వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి ధర్మమే మినహాయింపు ఇచ్చిందని మనందరికీ తెలుసు. వైద్యుడు వద్దన్నప్పుడు ఆ వెసులుబాటును స్వీకరించడం లోపం కాదు. అలాంటివారిని “రోజా ఎందుకు లేదు?” అని నిలదీయకపోవడం ఇంటివారి మర్యాద.

చట్టం ఇచ్చిన అండ

2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్ఐవి, ఎయిడ్స్ నిరోధక, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం వ్యక్తికి వివరించి, అతని సమ్మతి పొందిన తర్వాతే పరీక్ష చేయాలి. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. చికిత్సలో, ఉద్యోగంలో, చదువులో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపరాదు. వివక్ష ఎదురైతే రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

హక్కులతో పాటు బాధ్యతలూ ఉన్నాయి. జీవిత భాగస్వామికి నిజం చెప్పడం వాటిలో మొదటిది. ఎలా చెప్పాలో తెలియనివారికి కౌన్సెలర్ తోడ్పడతారు. పలుమార్లు నచ్చజెప్పినా రోగి చెప్పనప్పుడు, భాగస్వామికి ప్రమాదం ఉందని భావిస్తే, రోగికి ముందుగా తెలిపి వైద్యుడే ఆ విషయం వెల్లడించే వీలు చట్టంలో ఉంది. అయితే విషయం తెలిస్తే హింసకు, గెంటివేతకు గురవుతామని భయపడే స్త్రీల విషయంలో చట్టం ప్రత్యేక రక్షణ కల్పించింది.

మన వంతు

ఉగాండాలోని ముస్లిం వైద్యుల సంఘం ఇమాములకు, స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. 2000లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ‘పాజిటివ్ ముస్లిమ్స్’ అనే సంస్థ, తీర్పు చెప్పడానికి బదులు కరుణ చూపాలన్న దృక్పథంతో పని ప్రారంభించింది. మన మస్జిద్‌లు, మన మహిళా సమావేశాలు కూడా ఈ పని చేయగలవు.

భర్త నుంచి వ్యాధి సంక్రమించిన భార్య, తల్లి గర్భంలోనే దానిని పొందిన బిడ్డ కూడా నింద మోస్తున్న సమాజం మనది. ఏ దారిన వచ్చినా రోగి రోగియే. వ్యాధిగ్రస్తుని పరామర్శ మనపై ఉన్న హక్కు అని చిన్ననాటి నుంచి విన్నాము. జ్వరం వచ్చిన పొరుగువారికి గంజి కాచి పంపే మనం, హెచ్ఐవి వచ్చినవారి గ్లాసును వేరుగా పెట్టడం న్యాయమా? కలిసి తిన్నందువల్ల, చేయి కలిపినందువల్ల, ఒకే గదిలో ఉన్నందువల్ల ఈ వ్యాధి సోకదు.

బియ్యం డ్రమ్ములో దాచిన మాత్రల డబ్బా ఒక రోజున మంచం పక్కన బల్ల మీదికి రావాలి. ఆ సోదరి ఆసుపత్రి గదిలో తన మనసులోని రెండు మాటలనూ చెప్పగలగాలి. అందుకు ఆసుపత్రిలో వైద్యుడు తలెత్తి చూడాలి, ఇంట్లో మనం నోటిని అదుపులో పెట్టుకోవాలి. మన ఇంటి నుంచే ఈ మార్పును ప్రారంభిద్దాము.