అమ్మకానికి లేని సాక్ష్యం

నరహత్య చేయొద్దన్నది దేవుని ఆజ్ఞ. తుపాకీ పట్టుకుని రమ్మన్నది ప్రభుత్వ ఆజ్ఞ. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగిన 1917లో, టెనెస్సీ రాష్ట్రపు కొండల నడుమనున్న పాల్‌మాల్ అనే కుగ్రామంలో ఆల్విన్ యార్క్ అనే పేదరైతు ఈ రెండు ఆజ్ఞల మధ్య నలిగిపోయాడు.

పదకొండుమంది పిల్లల్లో మూడోవాడిగా 1887లో పుట్టిన యార్క్ మొత్తం కలిపి బడికెళ్లింది సుమారు తొమ్మిది నెలలే. వేటలో మాత్రం అతని గురి తప్పేది కాదు. 1911లో తండ్రి చనిపోవడంతో ఇంటిభారం అతనిమీద పడింది. పొలంలో, కూలిపనుల్లో ఒళ్లు వంచి కష్టపడేవాడు కానీ, సాయంత్రమైతే తాగుడు, జూదం, కొట్లాటలు! తల్లి కన్నీటి ప్రార్థనలు చివరికి ఫలించాయి. ఉజ్జీవ కూటాల్లో వాక్యం అతని గుండెను తాకింది. 1915 ఆరంభంలో మారుమనస్సు పొంది, తన చర్చిలో పాటలు నడిపించే పెద్దగా మారాడు. ఆ తర్వాత 1917లో సైన్యంలో చేరమని పిలుపొచ్చింది.

యుద్ధం చేయడం తనకిష్టం లేదని రాసిచ్చినా అధికారులు ఒప్పుకోలేదు. శిక్షణ శిబిరంలో అతని మేజర్ బక్స్‌టన్ కూడా బైబిలు బాగా చదివినవాడే. ఆయన యార్క్‌ను గద్దించలేదు, ఎగతాళి చేయలేదు. బైబిలు తెరిచి అతనితో ఎంతోసేపు మాట్లాడాడు. ఇంటికెళ్లి ప్రార్థన చేసుకుని తేల్చుకొమ్మని పది రోజులు సెలవిచ్చాడు. యార్క్ తన ఊరి కొండెక్కి దేవుని సన్నిధిలో మోకరించాడు. సమాధానంతో దిగివచ్చి ఫ్రాన్సుకు ప్రయాణమయ్యాడు. ఒక విశ్వాసి యుద్ధానికి వెళ్లవచ్చా అన్నది చర్చిలో ఈనాటికీ తెగని చర్చే. కానీ ప్రార్థించకుండా అతనొక్క అడుగు కూడా వేయలేదన్నది మాత్రం వాస్తవం.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవిలో, శత్రువుల వెనుకవైపుకు చేరిన 17 మంది అమెరికన్ సైనికుల్లో యార్క్ ఒకడు. మరతుపాకుల కాల్పుల్లో ఆరుగురు అక్కడికక్కడే చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. యార్క్ గురిచూసి కాలుస్తూనే లొంగిపొమ్మని కేకలేశాడు. చివరికి ఆ చిన్నగుంపు 132 మంది జర్మన్లను బందీలుగా పట్టుకుని తిరిగొచ్చింది. మరునాడు యార్క్ అనుమతి తీసుకుని అదే చోటికి వెళ్లాడు, బతికున్నవారెవరైనా ఉన్నారేమోనని వెదికాడు. చనిపోయిన తనవారికోసమే కాదు, తనమీదికొచ్చిన శత్రువులకోసం కూడా ప్రార్థించాడు. విజయోత్సాహంలో శత్రువు కూడా ఒక తల్లికన్న బిడ్డేనని గుర్తుంచుకోవడం ఎంతమందికి సాధ్యం?

అమెరికా అత్యున్నత సైనిక పతకం ‘మెడల్ ఆఫ్ ఆనర్’తో 1919లో అతను స్వదేశం చేరితే న్యూయార్క్ నగరం బ్రహ్మరథం పట్టింది. సినిమాలు, నాటకాలు, ప్రకటనల వారు డబ్బు సంచులతో వెంటపడ్డారు. తన సైనిక దుస్తులు అమ్మకానికి కాదని యార్క్ అందరినీ తిప్పిపంపేశాడు. ఊరికెళ్లి, ప్రేమించిన గ్రేసీని పెళ్లాడి, మళ్లీ నాగలి పట్టాడు. అభిమానుల విరాళాలతో ఇప్పించిన పొలానికి పూర్తిసొమ్ము సమకూరక, అదీ అప్పులే మిగిల్చింది.

అంత ఇబ్బందిలోనూ అతని ఆలోచన ఒక్కటే: తనకు దొరకని చదువు తన కొండప్రాంతపు పిల్లలకు దొరకాలి. ఊరూరా తిరిగి ప్రసంగించి విరాళాలు కూడగట్టి, 1926లో జేమ్స్‌టౌన్‌లో పాఠశాల స్థాపించాడు. అవసరమైతే సొంత పొలం తాకట్టు పెట్టి మరీ దాన్ని నిలబెట్టాడు. ఆ పాఠశాల నేటికీ నడుస్తోంది. రెండు దశాబ్దాలు కాదన్న సినిమాకు చివరికి ఒప్పుకున్నదీ బైబిలు పాఠశాల కట్టాలనే! 1941లో వచ్చిన ఆ సినిమా డబ్బు అతనికి పన్నుల చిక్కులు తెచ్చిపెట్టింది. 1954లో పక్షవాతంతో మంచానపడ్డాడు. 1964లో 76వ ఏట ప్రభువులో నిద్రించి, తన ఊరి మట్టిలోనే కలిశాడు. లోకం లెక్కలో అతను సంపాదించుకోవడం తెలియనివాడు!

ఎలీషా ప్రవక్త కాలంలో నయమాను అనే సేనాపతి కుష్ఠునుండి స్వస్థపడి కానుకలిస్తానన్నా ప్రవక్త ముట్టలేదు. సేవకుడైన గేహజీ మాత్రం రథం వెనుక పరుగెత్తి వెండి, బట్టలు తెచ్చుకున్నాడు, వాటితోపాటు కుష్ఠునూ తెచ్చుకున్నాడు (2 రాజులు 5). దేవుడు ఉచితంగా చేసిన మేలుకు ధర కట్టడమే గేహజీ పాపం.

ఈ రోజుల్లో సాక్ష్యానికి ఎన్ని రంగులు! చావునుండి తప్పించిన దేవుని పేరు పోస్టరు మూలన చిన్న అక్షరాల్లో, తప్పించుకున్నవాని ఫొటో నిలువెత్తున! దేవుడు మనకిచ్చిన పేరు, అనుభవం, పదవి మన పెట్టుబడులా? పక్కవాని పిల్లలకు ఉపయోగపడాల్సిన విత్తనాలా? విత్తనం అమ్ముకుంటే ఆ పూట గడుస్తుంది, విత్తితే ఊరు తింటుంది. రైతైన యార్క్‌కు ఈ సంగతి తెలుసు. మనకు తెలుసా?