బార్రా ద్వీపానికి వెళ్తున్నారా? ముందు ఆటుపోట్లు చూసుకోండి

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్కై ద్వీపం చూపించడం మన సభ్యుల్లో చాలామందికి అలవాటే. ఇంకాస్త దూరం వెళ్లాలనుకునేవారి కోసం, మేము పెద్దవాళ్లనీ పిల్లల్నీ తీసుకుని తిరిగివచ్చిన బార్రా గురించి రాస్తున్నాం. ఔటర్ హెబ్రిడీస్ దక్షిణపు కొసన ఉంటుంది. జనాభా సుమారు 1,200.

గ్లాస్గో నుంచి చిన్న ట్విన్ ఆటర్ విమానం గంటా పది నిమిషాల్లో చేరుస్తుంది. దిగేది ఇసుక మీద! ఆ తీరాన్ని రన్‌వేగా వాడతారు, పోటు వచ్చినప్పుడు అది నీళ్లలో మునిగిపోతుంది. అందుకే విమానం వేళలు ఆటుపోట్లను బట్టి ఉంటాయి. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ ఉండకపోవచ్చు. అన్నిటికీ క్రాన్ జాబ్ రాసుకునే మాలాంటివాళ్లకి ఇది కొంచెం కష్టమే. విండ్‌సాక్ ఎగురుతుంటే విమానాశ్రయం పనిచేస్తున్నట్టు. అప్పుడు పిల్లల్ని ఇసుకలోకి వదలకండి.

కారుతో వెళ్లాలంటే ఓబన్ నుంచి ఫెర్రీ, దాదాపు ఐదు గంటలు. వేసవిలో కారుకి చోటు త్వరగా అయిపోతుంది, ముందే బుక్ చేసుకోవాలి.

ద్వీపం చుట్టూ ఒకటే రోడ్డు, ఏ888. పన్నెండు పదమూడు మైళ్లు ఉంటుంది. చాలాచోట్ల ఒక్క కారు పట్టేంత వెడల్పే. ఎదురుగా కారు వస్తే, 'పాసింగ్ ప్లేస్' మన ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దాని ఎదురుగా మన రోడ్డులోనే ఆగాలి, అవతలివాళ్లు అందులోకి వెళ్తారు. వెనక స్థానికులు తొందరలో ఉంటే వాళ్లకీ దారివ్వాలి. ఫొటోల కోసం అక్కడ కారు ఆపడం మాత్రం పెద్ద తప్పు. దాటేటప్పుడు చెయ్యెత్తి పలకరించడం అక్కడి మర్యాద. రెండోరోజుకి మా నాన్నగారు గొర్రెలకి కూడా చెయ్యి ఊపడం మొదలుపెట్టారు.

కారు లేనివాళ్లకి చిన్న బస్సు ఉంది, రోజుకి కొన్నిసార్లే. ఆదివారం బస్సు లేదనుకునే ప్లాన్ వేసుకోండి. ఓపిక ఉంటే క్యాసిల్‌బేలో సైకిళ్లు అద్దెకి దొరుకుతాయి. గాలి ఎదురైతే ఐదు మైళ్లు పదిహేనులా అనిపిస్తుంది.

దక్షిణాన వాటర్సే ద్వీపానికి ఇప్పుడు కారులోనే వెళ్లొచ్చు. ఒకప్పుడు అక్కడి పశువుల్ని అమ్మకానికి ఈదించుకుంటూ బార్రాకి తెచ్చేవారు. 1986లో బెర్నీ అనే ఎద్దు అలా ఈదుతూ మునిగి చనిపోయింది. ఆ కబురు పత్రికలకెక్కాక, రోడ్డు కట్టాలన్న పాత డిమాండుకి బలం వచ్చింది. 1991లో రాళ్లకట్ట మీద రోడ్డు పూర్తయింది.

శాకాహారులు పులిహోర, చపాతీలు తీసుకెళ్లడం మంచిది. విమానంలో సామాను పరిమితి తక్కువని మాత్రం గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, గాలివాన పెరిగితే విమానం, ఫెర్రీ రెండూ ఆగిపోతాయి. క్యాసిల్‌బేలో చిన్న ఆసుపత్రే ఉంది. పరిస్థితి విషమిస్తే గ్లాస్గోకి విమానంలోనే తరలించాలి. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు కనీసం మూడు రోజులకి అదనంగా పెట్టుకోండి, అవీ చేతిసంచిలోనే.