రోడ్డు మీది కుప్పకు జిమ్మెదారు ఎవరు?

కోతల టైంల రాత్రిపూట నిజామాబాద్ నుంచి బోధన్ దిక్కు, ఆడికెళ్లి ఊర్లల్లకు బండి మీద పోయి చూడుండ్రి. సగం రోడ్డు వడ్లే. మీద నల్ల కవర్, అది గాలికి లేవకుండ సుట్టూ బండరాళ్లు. ఎదురుంగ లైట్ కొడ్తె దగ్గరికి పోయేదాక కుప్ప కనవడది.

గుద్దుకొని మనిషి పోతె తెల్లారి వార్తల ఏమొస్తది? ‘బండి అదుపు తప్పి’ అని. కుప్ప ముచ్చటే ఉండది. అప్పటికే వడ్లు ఎత్తుకపోతరు, రాళ్లు పక్కకు నూకేస్తరు.

‘నా పొలం ముంగటి రోడ్డు, ఆరవోసుకుంటె ఏమైతది’ అంటరు కొందరు. పొలం నీదే, రోడ్డు నీది కాదు. 2024 జులై 1 నుంచి అమల్ల ఉన్న భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ ప్రకారం, తన సొత్తుతోని రోడ్డు మీద అడ్డం గాని అపాయం గాని కలిగిస్తె 5,000 రూపాయల దాక జుర్మానా. నిర్లక్ష్యంతోని ప్రాణం పోయిందని తేలితె 106 సెక్షన్, ఐదేండ్ల దాక జైలు. అందరు పోస్తలేరా అంటె కోర్టుల నడువది.

పరిహారం కాడ ఇంకో తిరకాసున్నది. యాక్సిడెంట్ ట్రిబ్యునల్ల మామూలుగ పైసలు కట్టేది ఎదుటి బండి ఇన్సూరెన్స్. కుప్పకు ఇన్సూరెన్స్ ఏడిది? ఓనరే నడిపి, లైసెన్స్ ఉండి, పాలసీల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటె ప్రాణం పోయినోళ్ల ఇంటికి 15 లక్షలొస్తయి. (మన దోస్తులల్ల ఎంతమందికి లైసెన్స్ ఉన్నదో మీకే ఎరుక.) లేకుంటె కుప్ప పోసినాయన మీద సివిల్ కోర్టుకు పోవాలె. ఆడ ‘స్పీడ్‌గ వచ్చిండు’ అంటరు, అది రుజువైతె పరిహారం తగ్గుతది. అందుకే అదే రాత్రి ఫోన్ల ఫోటోలు తీయాలె. కుప్ప ఏడున్నది, రోడ్డు మీదికి ఎంత వచ్చింది, రాళ్లున్నయా, అన్నీ పోలీస్ దరఖాస్తుల రాయాలె. ‘అదుపు తప్పి’ అని ఒక్క ముక్కల రాస్తె సంతకం పెట్టకుండ్రి.

మరి రైతుకేమన్న సరదానా? శక్కర్‌నగర్ల నిజాం షుగర్స్ నడిచినన్ని దినాలు చెరుకు కొట్టి బండికెత్తితె అయిపోయేది, ఆరవెట్టే పనే లేదు. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతవడ్డది. వడ్లకేమో కొనుగోలు సెంటర్ల తేమ 17 శాతం దాటితె కాంటా పెట్టరు. కల్లాలు ఏడున్నయి? ఉపాధి హామీ పైసలతోని రాష్ట్రం కొన్ని కట్టిస్తె, అది రూల్ల లేదని 2022ల కేంద్రం 151 కోట్లు వాపస్ అడిగింది. వీళ్ల పంచాయితీ నడుమ వడ్లు రోడ్డు మీదనే ఉన్నయి.

ఊర్ల ఖాళీ సర్కారు జాగ ఏడున్నదో గ్రామసభల అడుగుండ్రి, కల్లం పెట్టియ్యమని రాసియ్యుండ్రి. అది అయ్యేదాక పొద్దుగూకంగనే మీ బాపుతోని కలిసి కుప్పను రోడ్డు దింపుండ్రి. ఆ బండరాళ్లయితె అసలే పెట్టకుండ్రి.