తాళపుగుత్తి ఒక్కరి చేతిలోనేనా?

ఈ దినమున సొంతముగా వ్యాపారము నడుపుకొనుచున్న వారితో మాట్లాడాలని ఆశపడుచున్నాను. మీది కిరాణా కొట్టు కావచ్చు, నలుగురు పనివారున్న వెల్డింగ్ షెడ్డు కావచ్చు. ఉద్యోగికి సెలవు అడగడానికి పై అధికారి ఉంటాడు. మీకు ఎవరున్నారు? ఉదయము షట్టరు ఎత్తేది మీరే, రాత్రి దించేది మీరే. డీలరుకు ఇచ్చిన చెక్కు, జి.ఎస్.టి. గడువు, అప్పు పెట్టి కనబడకుండా పోయినవాడు, ఇవన్నీ మీతో పాటు మంచము దాకా వస్తాయి.

నిర్గమకాండము 18వ అధ్యాయము తెరవండి. మోషే పొద్దుటి నుండి సాయంత్రము దాకా ఒక్కడే కూర్చుని జనుల తగవులు తీర్చుచున్నాడు. ఆయన మామ యిత్రో అది చూచి మెచ్చుకొనలేదు. ఇలాగే సాగితే నీకూ ఓపిక చాలదు, నీ కోసము కాచుకొని నిలబడినవారికీ చాలదు అన్న భావముతో హెచ్చరించాడు. ఆ రెండవ సంగతి గమనించండి. యజమాని అలసట యజమాని దగ్గర ఆగదు. అది పనికుర్రవాని మీద అరుపు అవుతుంది. రాత్రి ఇంట్లో భార్యతో మాటలు లేని భోజనము అవుతుంది.

దీనినే నేడు బర్నవుట్ అంటున్నారు. ఇది వ్యాధి కాదనీ, తీరని పని ఒత్తిడి వలన కలిగే స్థితి అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించింది. శక్తి అంతా అయిపోయినట్లుండడము, చేసే పని మీదనే విరక్తి, ఎంత చేసినా ఫలితము లేదనిపించడము దీని గుర్తులు. మామూలు అలసట మంచి నిద్రతో తీరుతుంది. ఇది అలా తీరదు.

అలసిన సహోదరుడు వస్తే బలము దయచేయుమని ప్రార్థిస్తాము. మంచిదే. కాని యిత్రో అంతటితో ఆగలేదు, పని పంచమన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, చివరకు పదిమందికి కూడా ఒక పెద్దను పెట్టమన్నాడు. చిన్న సంగతులు వారు చూస్తారు, కఠినమైనవి మోషే దగ్గరకు వస్తాయి.

"మా కుర్రవాడు నా అంత బాగా చేయలేడండీ" అంటారు మీరు. యిత్రో అడిగిన అర్హతలు చూడండి: సామర్థ్యము, దైవభయము, నమ్మకము, లంచమంటే అసహ్యము. మోషే అంతటివాడై ఉండాలని ఆయన అడగలేదు! కాబట్టి ఐదు వందల రూపాయల లోపు బేరము, సరుకు మార్పిడి అతనికి వదలండి. పెద్ద అప్పులు, చెక్కులు మీరు చూడండి. రాత్రి పది నిమిషాలు కూర్చుని లెక్క సరిచూసుకొనండి. అతడు మొదట్లో పొరపాట్లు చేస్తాడు. ఆ నష్టము కొంత భరించక తప్పదు.

వారానికి ఒక దినము మూస్తే బేరము పోతుందని భయమా? అమెరికాలోని జార్జియాలో ట్రూయెట్ కేథీ 1946లో చిన్న హోటలు తెరిచి, ఆదివారము మూసివేశాడు. ఆయన స్థాపించిన చిక్-ఫిలే హోటళ్ళు నేటికీ ఆదివారము తెరవవు. మూసినవారందరూ అలా పెరుగుతారని నేను అనను. మూయడము వలన పెరగకుండా పోలేదని మాత్రము చెప్పగలను.

ఇక కొందరి స్థితి దీనికి మించినది. నిద్ర పట్టదు, బ్రతుకే వద్దనిపిస్తుంది. అది అవిశ్వాసమని ఎవరూ మిమ్మును గద్దించకూడదు. 1 రాజులు 19లో ప్రాణము తీసివేయమని వేడుకొనిన ఏలీయాకు దూత ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ పడుకొననిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. మీరు డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రివేళ కూడా పలుకుతారు. ఇంట్లో వినబడుతుందని మొహమాటమైతే, షట్టరు దించి కొట్టులోనే కూర్చుని చేయండి.