నొప్పిని కాదు... గడియారాన్ని చూడండి!

థైరాయిడ్ ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే భయం... మెడ మీద కత్తి! ముద్ద ఎలా దిగుతుందో, నొప్పి ఎలా భరించాలోనని పేషెంటు కంటే పక్కనున్నవాళ్లే ఎక్కువ హడలిపోతారు. ఒకప్పుడు ఆ భయం నిజమే. రక్తస్రావంతో ఎందరో ప్రాణాలు పోగొట్టుకునేవారు. ఆ ఆపరేషన్‌ను సురక్షితంగా చేసి చూపినందుకే స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోఖర్‌కు 1909లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు దీన్ని మరీ బాధ పెట్టే ఆపరేషన్ల లెక్కలో వేయరు. మొదటి రోజు నొప్పి ఎక్కువ. రెండు మూడు రోజులు గడిస్తే చాలామందికి బాగా తగ్గిపోతుంది.

చిక్కల్లా ఆ రెండు మూడు రోజుల్లోనే! సికింద్రాబాద్‌లో రాంగోపాల్‌పేట్, మినిస్టర్ రోడ్డు వైపు ఆస్పత్రులకూ మందుల షాపులకూ కొదవలేదు. జిల్లాల నుంచి వచ్చి ఆపరేషన్ చేయించుకుని, డిశ్చార్జి కాగానే బస్సెక్కేవాళ్లు ఎందరో. ఇంటికెళ్లాక నర్సు ఉండదు, సెలైన్ ఉండదు. చేతిలో ఉండేది మందుల చీటీ ఒక్కటే. 'మాత్రలు వేడి చేస్తాయి' అంటూ పంటిబిగువున ఓర్చుకునేవాళ్లు కొందరు. కాస్త సలిపినప్పుడల్లా అందిన మాత్ర మింగేసేవాళ్లు కొందరు. రెండూ తప్పే.

సేఠ్ రాంగోపాల్ కట్టించిన పాత పోలీస్ స్టేషన్, దాని బురుజు మీది గడియారం ఈ పేటకు గుర్తు. నొప్పి మాత్రకూ గడియారమే గుర్తు కావాలి. మొదటి రెండు రోజులూ డాక్టరు ఆరు గంటలకోసారి అని రాస్తే ఆరు గంటలకోసారి వేసుకోవాల్సిందే. నొప్పి ముదిరాక వేసుకుంటే మాత్ర పనిచేసేలోపు నరకం కనిపిస్తుంది. సమయానికి పడితే నొప్పి తలెత్తదు. హాయిగా నాలుగు ముద్దలు తినొచ్చు, కంటినిండా నిద్రపోవచ్చు.

అసలు నొప్పంతా కోత దగ్గరే ఉండదు. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేస్తారు కాబట్టి మింగుతుంటే మంట. దానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి పెరుగన్నం చాలు. ఆపరేషన్ బల్ల మీద తల వెనక్కి వాల్చి ఉంచుతారు కనుక మెడ వెనక పట్టేస్తుంది. కుట్లు ఊడతాయేమోనని కర్రలా బిగుసుకు కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. డాక్టరు చెప్పినట్టు మెడను మెల్లగా కదిలించాలి.

చాలామందికి పారాసిటమాల్‌తోనే సరిపోతుంది. అయితే డోలో, కాల్‌పాల్, క్రోసిన్... పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే! జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో అదే ఉంటుంది. తెలియక రెండు మూడు కలిపి మింగితే దెబ్బ లివర్ మీదే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు కూడా రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. మద్యం అలవాటున్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అల్సరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. ట్రమడాల్ సంగతి వేరు. మత్తు, వికారం, మలబద్ధకం తెస్తుంది. 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. పక్కింటివాళ్ల దగ్గర మిగిలిన స్ట్రిప్పు తెచ్చుకుని వాడే మందు కాదది.

కాల్షియం, థైరాక్సిన్ మాత్రలు కూడా రాస్తే ఇంకో జాగ్రత్త. పరగడుపున థైరాక్సిన్ వేసుకున్నాక కనీసం నాలుగు గంటలైతేగానీ కాల్షియం మింగకూడదు. రెండూ కలిస్తే థైరాక్సిన్ ఒంటికి పట్టదు.

ఏ నొప్పి మాత్రా పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరెక్కుతుంటే కాల్షియం తగ్గినట్టు. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. మెడ ఉబ్బి, బిగుసుకుపోయి, ఊపిరి ఆడకపోతే లోపల రక్తం చేరుతోందేమో! ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. నిమిషాలు కూడా లెక్కే... 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాస్పత్రికి పరుగెత్తాలి.