పారాగ్లైడర్‌తో ఎగిరేవాళ్లు గాలికి ఎదురుగా ఎందుకు పరిగెత్తుతారు?

హిమాచల్‌ప్రదేశ్‌లోని బిల్లింగ్ కొండ ఎత్తు సుమారు 2,400 మీటర్లు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు అక్కడే జరిగాయి. ఎగరబోయేవాళ్లు గుడ్డ రెక్కను గడ్డి మీద పరిచి, గాలికి ఎదురుగా పరుగందుకుంటారు. గాలి వెనక నుంచి తోస్తేనే సులువు కదా అనిపిస్తోందా?

దిండు గలీబు మూతి తెరిచి, గాలికి ఎదురుగా పట్టుకుని పరిగెత్తి చూడండి. బుస్సున ఉబ్బుతుంది! ఈ రెక్క ముందు అంచుకూ అలాంటి మూతులే వరసగా ఉంటాయి. వాటిలోకి గాలి దూరితేనే మెత్తటి గుడ్డ బిగుసుకుని రెక్కవుతుంది. అది మనిషిని మోయాలంటే గాలి దాన్ని గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో తాకాలి. ఎదురుగాలి 15 ఉంటే మన పరుగు 10 చాలు. అదే గాలి వెనక నుంచి వీస్తే 40 కావాలి. కొండ మీద, అంత బరువుతో ఎవరి తరం?

పరుగుకు ముందు హెల్మెట్ పెట్టుకోవాలి. తొడల పట్టీలు బిగించాలి. ఇది మరిచిపోతే ప్రాణానికే ముప్పు. రెక్కను మనిషికి కలిపే సన్నటి తాళ్లను జడ చిక్కు తీసినంత ఓపిగ్గా విడదీయాలి. రెక్క నెత్తి మీదికి లేవగానే తలెత్తి చూస్తారు. ఎక్కడైనా ముడుచుకుని ఉంటే అక్కడే ఆగిపోతారు. బాగుంటేనే ముందుకు. గెంతరు, తొందరపడి సీటులో కూర్చోరు. నేల వదిలాక కూడా కాళ్లు రెండడుగులు గాల్లోనే పరిగెడతాయి.