పురిటికొచ్చిన ఆడపడుచులు

కిందటి సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తేలినీలాపురం వెళ్ళాం. నౌపడాలో రైలు దిగి ఆటో ఎక్కాం. ఊరు కనిపించకముందే చేపల వాసన, రెట్టల వాసన కలిసి గుప్పుమన్నాయి. మా చిన్నాడు ముక్కు మూసుకున్నాడు. తల ఎత్తి చూశాక మాత్రం ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగింది. చింతచెట్ల నిండా విరగకాసినట్టు పక్షులు!

ముక్కు కింద సంచీ వేలాడే గూడబాతులు కొన్ని, గులాబీ రంగు ఈకల ఎర్రకాళ్ళ కొంగలు కొన్ని. పెద్ద గూడబాతులు దాదాపు నోరే మెదపవు. గోలంతా పిల్లలదే. తల్లి రాగానే పిల్ల ఏకంగా దాని గొంతు సంచీలోకి తల దూర్చేసి తింటుంది. "అన్నం గిన్నెలో తల పెట్టే నీలాగే" అని పెద్దది తమ్ముణ్ణి వెక్కిరించింది.

పిల్లలు చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపబోతే అరుగు మీద కూర్చున్న ఓ మామ్మ కసిరింది. "అల్లరి సేయకండి! ఆటివి పురిటి దినాలు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని ఇలగే తరువుతారేటి?"

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఎందుకంటే అంతకుముందు ఎవర్నడిగినా ఒకటే కథ: ఇవి సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన విదేశీ అతిథులని. నేనూ అదే నమ్మాను, మా పిల్లలకీ అదే చెప్పాను. నిజానికి మామ్మ మాటే సరైనది. చలిదేశాల నుంచి శీతాకాలం గడపడానికి మన దగ్గరికొచ్చే పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు, తిరిగి వెళ్ళాక వాళ్ళ ఊళ్ళోనే పెడతాయి. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ మన దేశంలోనే పుట్టి, పెరిగి, గూళ్ళు కట్టే జాతులు. వానలు పడ్డాక ఇక్కడికి చేరి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో చెరువులకీ, కాలవలకీ చెదిరిపోతాయి. అతిథులైతే ఇక్కడ కాకపోతే ఇంకోచోట దిగుతారులే అనుకోవచ్చు. వీటికి పుట్టిల్లే ఇది.

మరి పుట్టింటివాళ్ళకు ఖర్చుండదా? ఆరేసిన చీర మీద రెట్ట పడుతుంది. వాకిట్లో చేపముక్కలు పడతాయి. ఆ వాసనలోనే వంటా, తిండీ! మన మేడ మీద పావురం వాలితేనే అదిలిస్తామే, మరి నెలల తరబడి ఇలా అంటే? "సిరాకు రాదా మామ్మా?" అని అడిగాను. "ఒత్తాది. అవి రాని ఏడు ఊరు బావురుమంటాది. దానికన్నా ఇదే నయం" అంది. జిల్లాకు ఆ చివర, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వాళ్ళదీ ఇదే తీరు. అక్కడికి వానలతో పాటే చిల్లముక్కు కొంగలొస్తాయి. పొలాల్లో నత్తలే వాటి ఆహారం.

కానీ ఊరివాళ్ళ ప్రేమ ఒక్కటే చాలదని ఈమధ్యే తెలిసొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. చెట్టు లేకపోతే గూడెక్కడ? 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో ఇంకా ఘోరం. తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు రాలిపోయాయి. పోయినవి ఎక్కువగా పెద్దవే. కడుపులో చేరిన నులిపురుగులు కారణమన్నారు. అవి తిన్న చేపల్లోంచే వస్తాయట. సాకే తల్లీ తండ్రీ పోతే గూట్లో పిల్లల గతి చెప్పాలా? చెట్టు కింద మనం ఎంత కాపలా కాసినా, అది మేతకు వెళ్ళే చెరువు ఎవరిదో, అందులో ఏముందో మన చేతిలో లేదు. విడిది కేంద్రం అంటే నాలుగు చెట్లూ, చూడ్డానికో బురుజూ కాదు, చుట్టూ ఉన్న చిత్తడి నేలలూ, చెరువులూ అన్నీ కలిపి.

ఇదేం అతిశయోక్తి కాదు. 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడులో వేల గూడబాతులు గూళ్ళు కట్టడం కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు చూశారు. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే అక్కడ ఒక్క గూడూ మిగల్లేదు.

మీరూ వెళ్ళదలిస్తే డిసెంబరు, జనవరి మంచి నెలలు. పొద్దున్నే వెళ్ళండి. కేకలు వద్దు, గూళ్ళ కింద ఫ్లాష్ ఫొటోలు వద్దు. తలమీద గొడుగు మాత్రం మరిచిపోకండి, నా కొత్త నేత చీర సాక్షిగా చెబుతున్నాను!

తిరిగొచ్చేటప్పుడు మామ్మ గుమ్మంలోనే ఉంది. "మల్లీ రండమ్మా, పిల్లలు ఎగరడం నేర్సుకునే ఏలకి" అంది. ఏ పిల్లలో నేను అడగలేదు.